లేపిన పికప్‌కి ముందు డిఫరెన్షియల్ దించడం: విజయనగరం షెడ్డులో చేసిన ఒక పని

మృగశిర కార్తె వచ్చిన మూడో రోజు, తొలకరి జల్లులో ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు నుంచి, కంపెనీ ఎత్తు కంటే పైకి లేపిన ఒక డబుల్ క్యాబ్ పికప్ మా షెడ్డుకి వచ్చింది. కుడివైపు ముందు చక్రం రిమ్ము లోపల, పక్కనున్న చాసిస్ మీద నల్లటి గ్రీజు వలయంలా చిమ్మి ఉంది. ఓనరు దిగుతూనే “అన్నా, మళ్ళీ సిరిగిపోనాది” అన్నాడు. చిరిగింది బూటు, అంటే ముందు చక్రాన్ని తిప్పే షాఫ్టు జాయింటుకి గ్రీజు కారకుండా వేసే రబ్బరు తొడుగు. ఏడు నెలల్లో ఇది మూడోది. రెండోసారి చిరిగినప్పుడు మట్టి దూరి లోపలి జాయింటు కూడా అరిగిపోయింది. దాన్నీ మార్చుకున్నాడు.

ఆ బండి చేసే పని ఏమిటో ముందు చెప్పాలి. బొడ్డవర దాటాక కొండ మీదున్న గూడేలకి బియ్యం, సిమెంటు, నీటి పైపులు ఎక్కిస్తుంది. దిగేటప్పుడు కాలాన్ని బట్టి చింతపండు, జీడిపిక్కలు, కొండచీపుర్లు తెస్తుంది. రాత్రివేళ ఎవరికైనా నొప్పులొస్తే డోలీలో మోసుకొచ్చిన మనిషిని బండి ఆగగలిగిన చోటునుంచి ఆసుపత్రికి చేర్చేది కూడా చాలాసార్లు ఇదే. దారి సగం ఎర్రమట్టి, సగం రాయి. మన తూర్పు కనుమల ఖొండలైట్ రాయి వానకి నాని పైపొర పెళ్ళలుగా లేస్తుంది. ఆ గతుకుల్లో ఒక ముందు చక్రం గాలిలో వేలాడితే రెండోది లోపలికి కుంగుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండా ఎక్కే దారి కాదు. అందుకని “ముందు చక్రాల షాఫ్టులు తీసేసి తిప్పుకో” అనే సలహా ఈ బండికి పనికిరాదు.

మోడల్ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే అదే బండి ఉన్నవాళ్ళు నా కొలతలు పట్టుకుని నేరుగా లేత్ షాపుకి పోతారు. ఒకే మోడల్లోనే సంవత్సరాన్ని బట్టి మౌంటింగులు (బిగించే చోట్లు) మారుతుంటాయి. ముందు ఒక్కో చక్రం పైచేయి, కిందిచేయి మీద విడివిడిగా కదిలే స్వతంత్ర సస్పెన్షన్, కాయిల్ స్ప్రింగు స్ట్రట్టు (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన కాలు), వెనక కమానుకట్టలు, ముందు డిఫరెన్షియల్ (శక్తిని రెండు ముందు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) చాసిస్‌కి మూడు చోట్ల రబ్బరు బుష్‌ల మీద బిగించి ఉన్న బండి అనుకుంటే చాలు. మిగతా కొలతలు మీ బండి కింద పడుకుని మీరే తియ్యాలి.

లేపిన బండిలో లేవనిది

పాత జీపుల్లో ముందు యాక్సిల్ ఒకే దిమ్మ. స్ప్రింగులు మార్చి బాడీని ఎంత లేపినా డిఫరెన్షియల్ చక్రాలతో పాటే కిందుంటుంది, కోణం పెరిగేది గేరుబాక్సు వైపు నుంచి డిఫరెన్షియల్‌కి శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టుకే. స్వతంత్ర సస్పెన్షన్ బండిలో సంగతి వేరు. డిఫరెన్షియల్ చాసిస్‌ని పట్టుకుని ఉంటుంది. బండిని లేపితే చాసిస్‌తో పాటు అదీ లేస్తుంది, చక్రాలు మాత్రం నేల మీదే ఉంటాయి. రెంటి మధ్య ఉన్న పొట్టి షాఫ్టు పైనుంచి కిందికి ఏటవాలుగా వాలుతుంది. ఆ వాలు ఎంతన్నదే ఈ కేసు మొత్తానికి మూలం.

షాఫ్టుకి రెండు చివర్లా రెండు రకాల జాయింట్లు ఉంటాయి. చక్రం వైపున్న బంతుల జాయింటు స్టీరింగు తిరుగుడుకి కూడా లొంగాలి కాబట్టి 45 డిగ్రీలదాకా వంగినా తట్టుకుంటుంది. డిఫరెన్షియల్ వైపున్న మూడు రోలర్ల ట్రైపాడ్ జాయింటు అలా కాదు. అది లోపలికీ బయటికీ జారాలి. దాని హద్దు సాధారణంగా పాతిక డిగ్రీల దగ్గర. అక్కడికి చేరేలోపే బూటు మడతలు కిందివైపు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, పైవైపు సాగిపోతాయి. ఈ బండిలో చక్రం హబ్బు నుంచి షాఫ్టుని విడగొట్టే ఏర్పాటు లేదు. టూ వీల్‌లో తారురోడ్డు మీద పోతున్నా షాఫ్టులు చక్రాలతో తిరుగుతూనే ఉంటాయి. అంటే ఆ ఒరుసుకోవడం కొండెక్కినప్పుడే కాదు, విజయనగరం నుంచి ఎస్.కోట పోయి వచ్చే దారంతా జరుగుతుంది. ఓనరు ఈ మాట విని ఆశ్చర్యపోయాడు. బూటు కొండ మీద రాళ్ళు తగిలి చిరుగుతోందనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. చిరుగు చూపించాను. రాయి తగిలితే ఒక చోట గాటు పడుతుంది. ఇక్కడ చిరుగు మడత లోయలో చుట్టూ తిరిగి ఉంది, అంచులు అరిగి మెత్తబడ్డాయి.

బండి లేపింది స్ట్రట్టు పైన స్పేసర్లు (ఎత్తు కోసం మధ్యలో పెట్టే దిమ్మలు) పెట్టి. స్పేసరు మందం 35 మి.మీ. స్ట్రట్టు కిందిచేతికి మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది కాబట్టి పైన పెట్టిన ప్రతి మిల్లీమీటరుకీ చక్రం దగ్గర దాదాపు రెండు మిల్లీమీటర్ల ఎత్తు వస్తుంది. నా కొలతలో చక్రం దగ్గర 63 మి.మీ. వచ్చింది. చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. స్ప్రింగును గట్టిగా మార్చి లేపితే చక్రం వేలాడే చివరి హద్దు మారదు, బండి నిలబడే ఎత్తు మాత్రమే ఆ హద్దుకి దగ్గరవుతుంది. పైన స్పేసరు పెడితే స్ట్రట్టు మొత్తం పొడవే పెరిగినట్టు. నిలబడే ఎత్తుతో పాటు వేలాడే హద్దు కూడా 63 మి.మీ. కిందికి జారుతుంది. బండి నేల మీద నిలబెట్టి షాఫ్టు కోణం చూసి “ఫరవాలేదు” అనేవాళ్ళు సగమే చూస్తున్నారు. జాకీ మీద లేపి, చక్రం వేలాడదీసి చూడాలి.

అలాగే చూశాను. రెండు జాయింట్ల నడిమి దూరం 410 మి.మీ. తూకం గుండు వేలాడదీసి, రసమట్టం పట్టి లోపలి జాయింటు నడిమికీ బయటి జాయింటు నడిమికీ ఎత్తు తేడా తీశాను. డిజిటల్ కోణమానినితో మళ్ళీ సరిచూశాను, రెండూ అర డిగ్రీ లోపు కలిశాయి. కంపెనీ ఎత్తులో తేడా 25 మి.మీ. అంటే మూడున్నర డిగ్రీలు. లేపాక నేల మీద 88 మి.మీ., 12.4 డిగ్రీలు. చక్రం వేలాడినప్పుడు కంపెనీ లెక్కన 15.6 డిగ్రీలు ఉండాల్సింది 25 డిగ్రీలకి పోయింది. వేలాడుతున్న చక్రాన్ని చేత్తో తిప్పితే ప్రతి చుట్టుకీ మూడు చోట్ల బిగుసుకుని వదులుతోంది. ట్రైపాడ్‌కి మూడు రోలర్లు, మూడు బిగుతులు. జాయింటు హద్దు దాటుతోందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ముందుగా తీసేసింది

కొలతలకి దిగినప్పుడే ఇంకొకటి కనబడింది. ముందు రెండు మౌంటింగుల దగ్గర డిఫరెన్షియల్ చెవికీ (బోల్టు దూరే కన్నమున్న ముక్కకీ) చాసిస్ బ్రాకెట్‌కీ మధ్య వాషర్లు పేర్చి ఉన్నాయి. ఒకవైపు ఐదు, ఇంకోవైపు ఆరు. ఎవరో ఇదివరకే ఇదే సంగతి గ్రహించి దించబోయారు. ఆలోచన తప్పు కాదు. బోల్టు మాత్రం పాతదే వాడారు. వాషర్ల మందం పోగా నట్టులో పట్టింది 8 మి.మీ. మర మాత్రమే. 14 మి.మీ. బోల్టుకి కనీసం దాని వ్యాసమంత మర పట్టాలి. పైగా వాషర్లు కత్తిరింపు అంచులతో, కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటాయి. పేర్చితే ఒక్కొక్కటీ స్ప్రింగులా నొక్కుకుంటుంది, బిగింపు ఎప్పటికీ నిలవదు. ఎడమ బోల్టు తీసి గాజుపలక మీద దొర్లిస్తే వంగి ఉన్నట్టు తేలింది.

బోల్టు ఎందుకు వంగుతుందో లెక్క వేసి ఓనరుకి చెప్పాను. ముందు ఇరుసు మీద పడే బరువు సుమారు 1,100 కిలోలు. రాతి మీద పట్టు 0.7 అనుకుందాం. చక్రం వ్యాసార్థం 38 సెం.మీ. ఈ మూడూ గుణించి కిలోల్ని న్యూటన్లలోకి మారిస్తే ముందు చక్రాలు నేలని తన్నే టార్కు (తిప్పే బలం) 2,870 న్యూటన్ మీటర్ల దాకా వస్తుంది. చక్రాలు ముందుకి తిరగాలంటే డిఫరెన్షియల్ గుండు వెనక్కి తిరగబోతుంది, దాన్ని ఆపేది మౌంటింగులే. ముందు మౌంటింగులకీ వెనక మౌంటింగుకీ నడుమ దూరం 300 మి.మీ. భాగిస్తే దాదాపు ఒక టన్ను. బండిని ముందుకి నడిపే గేర్లలో ఆ టన్ను ముందు చెవుల్ని పైకి నొక్కుతుంది, వెనక మౌంటింగును కిందికి లాగుతుంది. రివర్స్ గేరులో ఎక్కితే తారుమారు. ముందు బోల్టుల్ని కిందికి లాగుతుంది. కొండ దారిలో ఎదురుగా బండి వస్తే ఆ మలుపుల్లో రివర్స్‌లో ఎక్కించడం రోజూ ఉండే పనే. 8 మి.మీ. మర మీద అన్నాళ్ళు ఎలా నిలిచిందో నాకు అర్థం కాలేదు.

“దించడం కంటే ముందు నువ్వు కొంచెం దిగాలి తమ్ముడూ” అన్నాను. అర్థం కాలేదతనికి. డిఫరెన్షియల్‌ని 25 మి.మీ. మించి దించడం ఈ బండిలో కుదరదు. కింద బండి పక్కకి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ కడ్డీ ఉంది, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరుగుతుంది. 25 మి.మీ. దించితే వచ్చే లాభం మూడున్నర డిగ్రీలు, అంతే. 25 డిగ్రీల నుంచి మూడున్నర తీసేసినా ఇంకా హద్దుకి దగ్గరే. కాబట్టి స్ట్రట్టు స్పేసరు 35 నుంచి 25కి తగ్గించాలి. “ఎత్తు తగ్గితే రాళ్ళు తగుల్తాయి గదన్నా, మరేటి లాభం?” అన్నాడు. తగిలే చోట్లు ఏవో చూపించమన్నాను. కింద గీతలు పడి ఉన్నది ఇంజిను కిందిపలక ముందంచు మీద, వెనక డిఫరెన్షియల్ గుండు మీద. వెనకది దిమ్మ యాక్సిల్, స్ప్రింగు స్పేసరుతో దాని ఎత్తు మారదు, టైరుతోనే మారుతుంది. ముందుపలకకి 18 మి.మీ. పోతుంది. ఒక పూట ఆలోచించుకుని వచ్చి ఒప్పుకున్నాడు. ఈ పని మొత్తంలో నాకు ముఖ్యమైన నిర్ణయం ఇదే అనిపిస్తుంది. లేత్ మీద తయారయ్యే ముక్కలు దీని తర్వాతే.

స్పేసరు తగ్గించాక చక్రం దగ్గర ఎత్తు 45 మి.మీ. అయింది. షాఫ్టు కోణం నేల మీద 9.8, వేలాడినప్పుడు 22.2.

రెండు చోట్ల దించి చేసిన తప్పు

బయట దొరికే చాలా కిట్లలో ముందు రెండు మౌంటింగులకే స్పేసర్లు ఇస్తారు. వెనక మౌంటింగు అలాగే ఉంచి డిఫరెన్షియల్‌ని ముందుకి వాల్చడం వాటి పద్ధతి. చాలా బండ్లకి అది చాలు. నేనూ మొదట అదే చేశాను. రెండు స్పేసర్లు, పొడుగు బోల్టులు, ఒక్క మధ్యాహ్నంలో పని అయిపోయింది. ఎస్.కోట రోడ్డు మీద ధర్మవరం దాకా తీసుకెళ్ళాను. టూ వీల్‌లో బాగుంది. వాన తడి రోడ్డు మీద ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ తిరిగే వేగపు గేరులో) వేసి 50 దాటించగానే కాళ్ళ కింద ఫ్లోరు గుయ్యిమని వణికింది. 60 దగ్గర గేరు కర్ర చేతిలో నిలవలేదు.

షెడ్డుకి వచ్చి ప్రొపెల్లర్ షాఫ్టు కోణాలు తీశాను. ముందే తియ్యాల్సింది. ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక ఇరుసులకి పంచే పెట్టె) నుంచి పినియన్‌దాకా (డిఫరెన్షియల్‌లోకి శక్తి తీసుకునే గేరుదాకా) షాఫ్టు 600 మి.మీ., రెండు చివర్లా మామూలు క్రాస్ జాయింట్లు. ఇలాంటి షాఫ్టు ఒక చివర జాయింటు వంగిన ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చుతగ్గులవుతుంది. రెండో చివర అంతే వంపు ఉంటే ఆ హెచ్చుతగ్గులు రద్దవుతాయి. కంపెనీ అమర్చినప్పుడు రెండు చివర్లా 5.7 డిగ్రీలు. నేను ముందు మాత్రమే 25 మి.మీ. దించేసరికి 300 మి.మీ. దూరం మీద డిఫరెన్షియల్ 4.8 డిగ్రీలు తిరిగింది. పినియన్ ముక్కు పైకి లేచి షాఫ్టుతో దాదాపు ఒకే వరసలోకి వచ్చింది, అక్కడ వంపు ఒక డిగ్రీ కూడా లేదు. ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర మాత్రం 5.7 అలాగే ఉంది. ఒకవైపు హెచ్చుతగ్గు, రద్దు చేసేది లేదు. వణకక ఏం చేస్తుంది?

ఇంకొక నష్టం కూడా ఉంది. ముందు చెవుల దగ్గర 25 దించినా ఇరుసు నడిమి చెవులకి 110 మి.మీ. వెనక ఉంది. కాబట్టి అక్కడ దిగింది 16 మి.మీ. కంటే తక్కువే. వణుకు కొని తెచ్చుకుని లాభంలో మూడో వంతు పోగొట్టుకున్నట్టయింది. నూనె మట్టం చెప్పే ప్లగ్గు కూడా వాలిపోయింది. అక్కడిదాకా నింపితే లోపల ఎంత ఉందో సరిగ్గా తెలియదు.

మూడు చోట్లా సమానంగా దించాలని అప్పుడు తేల్చుకున్నాను. అలా దించితే పినియన్ తన పాత వాలులోనే నేరుగా కిందికి దిగుతుంది. షాఫ్టు రెండు చివర్లా కోణం 5.7 నుంచి 8.1కి పెరుగుతుంది కానీ రెండూ సమానం. షాఫ్టు 3 మి.మీ. సాగాలి, పొడవు సర్దుకునే స్లిప్ జాయింటులో దానికి చోటుంది.

ముక్కలు

ముందు స్పేసర్లకి ఈఎన్-8 ఉక్కు, 55 మి.మీ. గుండ్రని కడ్డీ. గొట్టం ముక్క కోసి పెట్టేవాళ్ళున్నారు. గొట్టం గోడ పలచన, రెండు పక్కలా నొక్కుడు పడే వెడల్పు చాలదు, అంచు మెల్లగా బ్రాకెట్ రేకులోకి దిగుతుంది. దిగిన ప్రతి పదోవంతు మిల్లీమీటరుకీ బోల్టు బిగింపు తగ్గుతుంది. బోల్టు ఇక్కడ మేకులా అడ్డంగా నిలబడి మోయకూడదు. తను సాగి, రెండు ముఖాల్నీ గట్టిగా అదిమి పట్టాలి. ఆ అదుముడు వల్ల ముఖాల మధ్య పుట్టే రాపిడే బరువు మోయాలి. అందుకే వెడల్పాటి ముఖం కావాలి.

కంటోన్మెంట్ వైపు లేత్ షాపు పెద్దాయన ఒకప్పుడు నెల్లిమర్ల జూట్ మిల్లు వర్క్‌షాపులో చేసినవాడు. నేను గీసుకెళ్ళిన బొమ్మ చూసి, “ఒరే బావూ, రెండు ముఖాలూ రెండు కట్టుల్లో తీస్తే వొంకర వొస్తాది” అన్నాడు. ముందు కన్నం బోరు చేసి, ఆ కన్నానికి సరిపోయే మ్యాండ్రెల్ (పట్టుకడ్డీ) చేసి, ముక్కని దాని మీద ఎక్కించి రెండు పక్కలా మధ్యలో విప్పకుండా ఒకే కట్టులో ముఖాలు తీశాడు. రెండు స్పేసర్ల ఎత్తు తేడా 0.02 మి.మీ. పైముఖం మీద 3 మి.మీ. ఎత్తున చిన్న మెట్టు చేయించాను, అది చాసిస్ బ్రాకెట్ కన్నంలో కూర్చుంటుంది. పక్కకి జారబోతే ఆ మెట్టే ఆపాలి. కిందిముఖంలో బుష్ లోపలి గొట్టం కూర్చునేంత గుంట.

బోల్టులు విశాఖ ఆటోనగర్‌లో తెచ్చాను. బలంలో పాతవాటి తరగతే, 10.9. మరల మధ్య దూరం కూడా పాతదే, 1.5 మి.మీ. పొడవు మాత్రం 25 మి.మీ. ఎక్కువ. మొత్తం మర ఉన్న బోల్టు కాకుండా సగం నున్నటి కాండం ఉన్నది ఎంచుకున్నాను. చాసిస్ బ్రాకెట్ రేకు, స్పేసరు కలిసే చోట మర పడకూడదు. విరిగే బోల్టు మర లోయలోంచే విరుగుతుంది. నట్టులు కొత్తవి.

వెనక మౌంటింగు అసలు కష్టమైన భాగం. అక్కడ బోల్టు నిలువుగా లేదు, అడ్డంగా ఉంది. క్రాస్ మెంబరుకి రెండు చెవులు, మధ్యలో పినియన్ దగ్గరి బుష్, అడ్డంగా ఒక బోల్టు. స్పేసరుతో పని జరగదు. 8 మి.మీ. పలకతో యూ ఆకారం బ్రాకెట్ చేశాను. పాత చెవుల మధ్య దూరేలా పైభాగం, 25 మి.మీ. కింద కొత్త కన్నం. పాత బోల్టు చోట మందపాటి గొట్టం వెల్డింగు చేసి, చెవులు లోపలికి వంగకుండా అదే ఆపేలా పెట్టాను. ఇక్కడితో ఆగితే బ్రాకెట్ ఆ ఒక్క బోల్టు మీద ఊయలలా ఊగుతుంది. ముందుకి నడిపే గేర్లలో టన్ను బరువు కిందికి లాగేది ఈ చోటునే అని చెప్పాను కదా. క్రాస్ మెంబరు అంచులో కంపెనీ వదిలిన ఖాళీ కన్నం ఒకటుంది. బ్రాకెట్‌కి వెనక ఒక రెక్క పెంచి 10 మి.మీ. బోల్టుతో ఆ కన్నానికి కట్టాను. చాసిస్ మీద ఎక్కడా వెల్డింగు వెయ్యలేదు, కొత్త కన్నం కొట్టలేదు. రేపు ఎవరైనా అన్నీ విప్పి కంపెనీ స్థితికి తేవచ్చు. పోత ఇనుము హౌసింగు మీద వెల్డింగు మాట ఎవరైనా ఎత్తితే ఆ షెడ్డు నుంచి బండి తీసుకొచ్చెయ్యండి.

బ్రాకెట్ వెల్డింగుకి 7018 రాడ్డు వాడాను. వానాకాలం కాబట్టి ఒక మాట. ఈ రాడ్డు పూత గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది. చెమ్మతో వేస్తే హైడ్రోజన్ వెల్డులో చేరి, అప్పటికి బాగానే కనిపించి తర్వాత పగులుతుంది. తెరిచి వారమైన పెట్టెలోని రాడ్లు పక్కన పెట్టి, తెలిసిన ఫ్యాబ్రికేషన్ షాపులో ఓవెన్లో కాల్చినవి వేడివేడిగా తెచ్చుకుని వేశాను. వెల్డింగంతా బల్ల మీదే, బండికి దూరంగా.

బిగింపు

కింద స్టాండ్లు, డిఫరెన్షియల్ కింద ట్రాలీ జాకీ. మూడు బోల్టులూ ఒకేసారి తియ్యకుండా ఒక్కొక్కటే వదులు చేసి మెల్లగా దించాం. కుర్రాడిని జాకీ దగ్గర పెట్టి నేను గొట్టాలు చూసుకున్నాను. డిఫరెన్షియల్ లోపలి గాలి పోయి వచ్చే బ్రీదర్ గొట్టం 25 మి.మీ. దిగేసరికి తీగలా బిగిసింది. దాన్ని మార్చి పొడుగుది వేసి ఇంజిను గది పైదాకా తీసుకెళ్ళాను, వాగు దాటేటప్పుడు నీళ్ళు పీల్చకుండా. ఫోర్ వీల్ కలిపే మోటారు వైరుకి ఒక క్లిప్పు తీసేస్తే సరిపోయింది. స్టెబిలైజర్ కడ్డీకీ డిఫరెన్షియల్ గుండుకీ మధ్య 9 మి.మీ. మిగిలింది. చక్రాలు పైకి నొక్కి, కిందికి వేలాడదీసి రెండు చివర్లా చూశాను. ఎక్కడా 6 కంటే తగ్గలేదు. కింది రక్షణ పలకకి కూడా 25 మి.మీ. బుష్‌లు కావాల్సి వచ్చాయి. బండి రాయి మీద కూర్చుంటే బరువంతా ఆ పలక మోస్తుంది కాబట్టి వాటినీ గట్టి కడ్డీతోనే చేయించాను.

చక్రాలు వేలాడదీసి, స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ చేత్తో చక్రం తిప్పాను. బిగుతు లేదు. కోణం వేలాడినప్పుడు 18.5, నేల మీద 6.3. బూటు మడతల మధ్య వేలు దూరేంత సందు కనిపించింది.

తొలి 90 కిలోమీటర్లు నేనే నడిపాను, కొండ దారిలో రివర్స్‌లో రెండుసార్లు ఎక్కించాను. ఫోర్ హైలో 60 దాటినా వణుకు లేదు. షెడ్డుకి వచ్చి, పెట్టిన బిగింపుకి చేరగానే టక్కుమనే టార్క్ రెంచి పెడితే ఎడమ ముందు నట్టు పావు చుట్టు తిరిగాక గానీ టక్కుమనలేదు. కుడిది కూడా కొంచెం. బోల్టు వదులు కాలేదు, బిగించాక గుర్తుకి నట్టు మీద గీసిన పసుపు గీత కదల్లేదు. మరి బిగింపు ఎటు పోయింది? విప్పి చూస్తే జవాబు స్పేసరు ముఖం మీదే ఉంది. తుప్పు పట్టకూడదని స్పేసర్లకి నేను అన్ని వైపులా రెండు పూతలు ప్రైమరు, ఒక పూత పెయింటు వేశాను. నొక్కుడికి ముఖాల మధ్య పెయింటు నలిగి పక్కకి పోయింది. ఆ మందం మేర బోల్టు సాగుడు తగ్గింది. ముఖాలు రెండూ గీకి లోహం తేల్చి, పలచగా తుప్పు పట్టనివ్వని నూనె రాసి మళ్ళీ బిగించాను. పక్కలకి మాత్రం పెయింటు ఉంచాను. వంద కిలోమీటర్ల తర్వాత చూస్తే రెంచి తిప్పీ తిప్పకుండానే టక్కుమంది. 500 దగ్గర, 1,000 దగ్గర కూడా అంతే. ఈ పని చేసేవాళ్ళెవరైనా నేల మీద ఈ మూడుసార్ల పరీక్ష లేకుండా బండి ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

వీల్ అలైన్‌మెంట్ చేయించాం. లేపిన ఎత్తు తగ్గినందువల్ల క్యాంబరు (చక్రం పక్కకి ఒరిగే కోణం) హద్దులోకి వచ్చింది. డిఫరెన్షియల్ దించినందువల్ల స్టీరింగు టై రాడ్డు వాలు గానీ, పైచేయి బాల్ జాయింటు వాలు గానీ మారవు. అవి లేపడం వల్ల వచ్చినవి, అలాగే ఉంటాయి. గతుకులో చక్రం కదిలినప్పుడు స్టీరింగు కొంచెం లాగడం ఇంకా ఉంది. ఓనరుకి ఈ మాట ముందే చెప్పాను. నేలకీ ముందు డిఫరెన్షియల్ అడుగుకీ మధ్య ఎత్తు ఈ పనివల్ల పెరగదని, తగ్గుతుందని కూడా చెప్పాను. 45 లేపాం, 25 దించాం, కంపెనీ కంటే మిగిలింది 20 మి.మీ. మాత్రమే.

ముక్కలు, బోల్టులు, లేత్ కూలి, రాడ్లు, బ్రీదర్ గొట్టం, నూనె అన్నీ కలిపి 6,850 రూపాయలయింది. బూట్లు, అలైన్‌మెంట్, నా కూలి వేరు. లోపలి జాయింటు ఒక్కటి మార్చినప్పుడు అతను పెట్టింది ఇంతకంటే ఎక్కువ.

చట్టం సంగతి కూడా దాచలేదు. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న తయారీదారు వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖరారు చేసింది. లేపడమే ఆ ప్రశ్న తెస్తుంది, ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా తేవచ్చు. నేను ఆ లేపుడు చెయ్యలేదు, తగ్గించాను. అయినా బండి కింద ఏమేం మార్చానో తేదీతో, కొలతలతో కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చాను. పాత బోల్టులు, పాత వాషర్లు సంచిలో కట్టి బండిలోనే పెట్టించాను.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయిన వారానికి బండి మళ్ళీ వచ్చింది. అప్పటికి 6,400 కిలోమీటర్లు తిరిగింది, వానాకాలం మొత్తం కొండెక్కి దిగింది. రెండు వైపులా బూట్లు పొడిగా ఉన్నాయి, మడతల లోయల్లో ఒరుపు మరక లేదు. నట్ల మీద పసుపు గీతలు పెట్టినచోటే ఉన్నాయి. వెనక బ్రాకెట్ వెల్డులు తుడిచి భూతద్దం పెట్టి చూశాను, పగులు లేదు. రక్షణ పలక మీద కొత్త గీతలు రెండు పడ్డాయి. పినియన్ దగ్గరి రబ్బరు బుష్‌లో మాత్రం అంచు వెంట సన్నని చీలిక కనిపించింది. అది కంపెనీ నుంచి వచ్చిన పాత బుష్, వాషర్ల రోజుల్లో ఎంత నలిగిందో తెలియదు. బ్రాకెట్ చేసినప్పుడే దాన్నీ మార్చి ఉండాల్సింది. అది చీలి లోపలి గొట్టం వదులైతే పినియన్ ముక్కు మళ్ళీ ఆడుతుంది, రెండు చివర్ల కోణాలూ మళ్ళీ తప్పుతాయి. కొత్త బుష్ తెప్పించాను. గూడేనికి పైపుల లోడు దించి రేపు సాయంత్రం బండి వదిలేస్తానన్నాడు.